కోడింగ్ కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు ఒక్కసారి ఎఫ్12 నొక్కండి

ల్యాప్‌టాప్ రివ్యూ రాసిన ప్రతిసారీ నాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుందామనుకుంటున్నా. దీనికి ఈ మోడల్ సరిపోద్దా? 16 జీబీ ర్యామ్ ఉన్నదే తీసుకోవాలా? మ్యాక్‌బుక్ కావాలా?" అడిగేది ఎక్కువగా డిగ్రీ, బీటెక్ పిల్లలు. అప్పుడప్పుడు వాళ్ల నాన్నలు. నాన్నలు అడిగే ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: "ఎంత పెట్టాలి బాబూ?"

గ్యాడ్జెట్ల సైట్‌లో కూర్చుని "ఏమీ పెట్టొద్దు" అని చెప్పడం కొంచెం వింతగానే ఉంటుంది. అయినా నా సమాధానం అదే. కనీసం మొదటి మూడు నెలలు ఏమీ పెట్టొద్దు. వెబ్ డెవలప్‌మెంట్ మొదలుపెట్టడానికి కావాల్సిన టూల్స్ అన్నీ ఫ్రీగా దొరుకుతున్నాయి. అవి నాసిరకం ఏమీ కాదు, పెద్ద కంపెనీల్లో పనిచేసే డెవలపర్లు రోజూ వాడేవే. ఇంట్లో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ దాదాపు అన్ని సందర్భాల్లోనూ సరిపోతుంది.

మరి ఎవరికైనా ఇబ్బంది ఎక్కడ వస్తోంది? ఎంచుకోవడంలో. యూట్యూబ్ తెరిస్తే ఒకరు ఈ ఎడిటర్ అంటారు, ఇంకొకరు ఆ ఫ్రేమ్‌వర్క్ అంటారు, మూడో ఆయన "ఇంకా కోడ్ రాస్తున్నారా, ఏఐ ఉండగా" అని నవ్వుతారు. వారం రోజులు వీడియోలు చూసి, పది సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసి, ఒక్క పేజీ కూడా తయారు చేయకుండానే "ఇది మనవల్ల కాదులే" అని వదిలేసిన వాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ముందు చేయాల్సింది వెనక, వెనక చేయాల్సింది ముందు చేశారంతే.

టూల్స్ విషయంలో నేను పాటించే రూల్ ఒకటే. ఒక టూల్ ఏ ఇబ్బందిని తీరుస్తుందో, ఆ ఇబ్బంది మీకు ఎదురయ్యాకే ఆ టూల్ తీసుకోండి. తలనొప్పి రాకముందే మాత్ర వేసుకోం కదా. ల్యాప్‌టాప్ నుంచి ఏఐ వరకు ఈ ఒక్క రూల్‌తో ఎలా తేల్చుకోవచ్చో వరసగా చూద్దాం.

మొదటి టూల్ మీ దగ్గర ఆల్రెడీ ఉంది

కంప్యూటర్‌లో క్రోమ్ గానీ, ఎడ్జ్ గానీ, ఫైర్‌ఫాక్స్ గానీ తెరవండి. ఏదైనా న్యూస్ సైట్‌కి వెళ్లి కీబోర్డ్ మీద ఎఫ్12 నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. అదీ కుదరకపోతే పేజీలో ఒక హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్పెక్ట్' ఎంచుకోండి. పక్కన ఒక ప్యానెల్ తెరుచుకుంటుంది. అదే డెవలపర్ టూల్స్.

అందులో ఆ హెడ్డింగ్ టెక్స్ట్ మీద డబుల్ క్లిక్ చేసి మీ పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. న్యూస్ సైట్ హెడ్‌లైన్‌లో మీ పేరు! పేజీ రిఫ్రెష్ చేయండి. మళ్లీ పాత హెడ్‌లైనే వచ్చేస్తుంది.

ఈ రెండు నిమిషాల పనిలో పెద్ద పాఠమే ఉంది. మీ స్క్రీన్ మీద కనిపించేది సర్వర్ పంపిన కాపీ. ఆ కాపీని మీ బ్రౌజర్‌లో ఎలాగైనా మార్చుకోవచ్చు, అసలు సైట్‌కి ఏమీ కాదు. వాట్సాప్‌లో తిరిగే నకిలీ బ్యాంక్ బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్లు, నకిలీ మార్కుల లిస్టులు తయారు చేయడం ఎంత తేలికో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఇకమీదట స్క్రీన్‌షాట్‌ని సాక్ష్యంగా చూపిస్తే మీరు అంత తొందరగా నమ్మరు.

వెబ్ డెవలప్‌మెంట్‌లో నేను అన్నిటికంటే ముందు పెట్టే టూల్ ఇదే. ఎడిటర్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌తో నెట్టుకురావచ్చు గానీ డెవలపర్ టూల్స్ లేకుండా కష్టం. రంగు ఎందుకు మారలేదు, బటన్ ఎందుకు పని చేయట్లేదు, ఫొటో ఎందుకు లోడ్ అవట్లేదు అనే ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే దొరుకుతుంది. ముఖ్యంగా అందులోని 'కన్సోల్' ట్యాబ్. ఎర్రగా కనిపించే ఎర్రర్ మెసేజ్‌ని చూసి భయపడకుండా చదవడం అలవాటైతే సగం పని అయినట్టే. చాలాసార్లు ఏ ఫైల్‌లో, ఎన్నో లైన్లో తప్పుందో అదే చెప్తుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్ చూసి జంకుతుంటారు. మొదట్లో ఎదురయ్యే ఎర్రర్లు తిప్పి తిప్పి ఒక పది, పదిహేను రకాలే ఉంటాయి. నెల రోజుల్లో అవి ముఖపరిచయం ఉన్న మనుషుల్లా అనిపిస్తాయి.

పాత ల్యాప్‌టాప్ చాలా? ఫోన్ చాలా?

ఇక మనకిష్టమైన హార్డ్‌వేర్ సంగతి. ఇవాళ ఎక్కువమంది వాడే ఎడిటర్ విజువల్ స్టూడియో కోడ్, అంటే వీఎస్ కోడ్. దానికి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస అవసరం 1.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. పక్కన బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు, ఒక వీడియో కూడా నడవాలి కాబట్టి ఆ 1 జీబీ మాట పక్కన పెట్టండి. 4 జీబీతో ఓపిక పట్టి నేర్చుకోవచ్చు, 8 జీబీ ఉంటే హాయిగా నేర్చుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డుతో ఈ పనికి సంబంధమే లేదు. గేమింగ్ ల్యాప్‌టాప్ కొనడానికి ఇంట్లో "కోడింగ్ కోసం" అని చెప్తున్నవాళ్లు నన్ను క్షమించాలి.

పాత ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తుంటే ముందు అందులో హార్డ్ డిస్క్ ఉందా, ఎస్ఎస్‌డీ ఉందా చూడండి. హార్డ్ డిస్క్ అయితే దాన్ని తీసేసి సాటా ఎస్ఎస్‌డీ వేయిస్తే చాలు, వేరే మెషీన్ అనిపిస్తుంది. అయ్యే ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న భాగమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ మెషీన్ విండోస్ 11కి పనికిరాదంటే లినక్స్ మింట్ లాంటిది వేసుకోండి. ఫ్రీ, తేలిక. పైగా వెబ్ సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్ మీదే నడుస్తాయి కాబట్టి ఆ అలవాటు తర్వాత ఉద్యోగంలోనూ పనికొస్తుంది.

"నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది" అనేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. ఆండ్రాయిడ్‌లో ఏకోడ్ అనే ఎడిటర్ ఉంది. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ రాసి అక్కడే ప్రివ్యూ చూసుకోవచ్చు. మొదటి రెండు, మూడు వారాలకి అది చాలు. ఆ తర్వాత మాత్రం ఇబ్బంది మొదలవుతుంది. ఫోన్‌లోని క్రోమ్‌లో ఇందాక చెప్పిన డెవలపర్ టూల్స్ లేవు. చిన్న తెరమీద కోడ్ ఒకవైపు, పేజీ ఒకవైపు పెట్టుకుని పోల్చి చూడటం కుదరదు. కాబట్టి ఫోన్‌తో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగిపోకండి. కాలేజీ ల్యాబ్, ఫ్రెండ్ రూమ్‌లో సాయంత్రం రెండు గంటలు, సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్... ఏదో ఒక దారి చూసుకోండి. మీరు చేసేదంతా ఒక చిన్న ఫోల్డర్. పెన్ డ్రైవ్‌లో జేబులో పెట్టుకుని తిరగొచ్చు.

ఎడిటర్ గురించి అంత గొడవ అక్కర్లేదు

వీఎస్ కోడ్ వాడండి. దీని మీద రెండు రోజులు ఆలోచించకండి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2024లో చేసిన డెవలపర్ సర్వేలో 73 శాతానికి పైగా వాడేది అదే. అంతమంది వాడుతున్నారు కాబట్టి అదే గొప్పదని నేను అనను. మీరు ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ సమస్యకి జవాబు ఎవరో ఒకరు ఈపాటికే రాసి పెట్టి ఉంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి కావాల్సింది అదే కదా. మెషీన్ మరీ పాతదైతే నోట్‌ప్యాడ్++ పెట్టుకోండి. 2003 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ అది, చాలా తేలిక.

ఎడిటర్ మీద మరీ ప్రేమ పెంచుకోవద్దని చెప్పడానికి ఒక కారణం ఉంది. ఒకప్పుడు బ్రాకెట్స్ అనే ఎడిటర్‌ని అందరూ సిఫార్సు చేసేవాళ్లు. 2021 సెప్టెంబర్‌లో అడోబీ దానికి సపోర్ట్ ఆపేసింది. గిట్‌హబ్ తయారు చేసిన యాటమ్ 2022 డిసెంబర్ 15న మూతపడింది. వాటిలో నేర్చుకున్నవాళ్లకి ఏం పోయింది? ఏమీ పోలేదు. వాళ్లు రాసిన హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లు ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటాయి. టిమ్ బెర్నర్స్-లీ 1991లో సెర్న్‌లో పెట్టిన తొలి వెబ్‌సైట్‌ని సెర్న్ మళ్లీ పాత అడ్రస్‌లోనే పెట్టింది. మీ ఫోన్‌లోని క్రోమ్‌లో అది ఇప్పటికీ చక్కగా తెరుచుకుంటుంది. ఎడిటర్లు వస్తాయి, పోతాయి. కింద ఉన్న హెచ్‌టీఎమ్‌ఎల్ నిలబడింది. మీ టైమ్ దేనిమీద పెట్టాలో ఇందులోనే ఉంది.

ఎక్స్‌టెన్షన్ల సంగతి కూడా అంతే. "తప్పక ఉండాల్సిన 25 ఎక్స్‌టెన్షన్లు" లాంటి వీడియోలు పక్కన పెట్టండి. మొదట ఒక్కటి చాలు: లైవ్ సర్వర్. ఫైల్ సేవ్ చేయగానే బ్రౌజర్‌లో పేజీ దానంతట అదే మారుతుంది. కోడ్ గజిబిజిగా తయారై, ఏ ట్యాగ్ ఎక్కడ మూసుకుందో తెలియక తల పట్టుకున్న రోజున ప్రెటియర్ వేసుకోండి. దాని విలువ ఆరోజు తెలుస్తుంది. ఎమ్మెట్ అనే షార్ట్‌కట్ సౌకర్యం వీఎస్ కోడ్‌లోనే ఉంది. కొత్త హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్‌లో ఆశ్చర్యార్థకం గుర్తు కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ అస్థిపంజరం మొత్తం వచ్చేస్తుంది. కానీ మొదటి వారం దాన్ని చేత్తోనే టైప్ చేయండి. ఏ లైన్ ఎందుకుందో తెలిశాక షార్ట్‌కట్ వాడండి.

మూడు నెలల కోర్సు, ముప్పై పేర్లు

మా పిన్ని కొడుకు తెనాలిలో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాడు. హైదరాబాద్ వచ్చి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 'ఫుల్ స్టాక్' కోర్సులో చేరాడు. ఫీజు, హాస్టల్, పైగా ఈఎంఐ మీద కొత్త ల్యాప్‌టాప్. కరపత్రం మీద ముప్పై టెక్నాలజీల పేర్లున్నాయి. రెండో నెలలో నా దగ్గరకొచ్చి ఒక ప్రశ్న అడిగాడు: "అన్నయ్యా, రియాక్ట్‌లో 'క్లాస్' అని కాకుండా 'క్లాస్‌నేమ్' అని ఎందుకు రాస్తారు?"

మంచి ప్రశ్నే. 'క్లాస్' అనేది జావాస్క్రిప్ట్‌లో వేరే పనికి కేటాయించిన పదం కాబట్టి రియాక్ట్ వాళ్లు పేరు మార్చుకున్నారు. అది చెప్పబోతూ, అసలు మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్‌లో క్లాస్ దేనికి వాడతార్రా అని అడిగాను. వాడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు. వీడియో చూస్తూ టు-డూ లిస్ట్ యాప్ చేయగలడు. ఖాళీ పేజీ ఇచ్చి ఒక హెడ్డింగ్‌ని మధ్యలో పెట్టమంటే చేతులు ఆడలేదు. అప్పటికే వాడు ఒక నిర్ణయానికి వచ్చేశాడు: "నాకు ఇది రాదేమో అన్నయ్యా."

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఫీజు ఎక్కువ తీసుకున్నారని కాదు. మధ్యతరగతి ఇంట్లో డబ్బులు మళ్లీ ఎలాగో కూడబెట్టుకుంటారు. "నాకు రాదు" అనే నమ్మకం మనసులో ఒకసారి కూర్చుంటే దాన్ని లేపడం కష్టం. లోపం పాఠం వరసలో ఉంటే, పిల్లాడు అది తన బుర్రలో ఉందనుకుంటున్నాడు. అమీర్‌పేటలో మంచి మాస్టార్లు ఉన్నారు, నిజం. కానీ కరపత్రం మీద పేర్ల సంఖ్యని బట్టి కోర్సుని అంచనా వేసే పద్ధతి పోవాలి. చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఫ్రేమ్‌వర్క్ మొదలుపెట్టేముందు హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ మీద ఎన్ని వారాలు ఉంటాం?" దానికి సూటిగా జవాబు రాకపోతే బయటికి నడవండి.

వాడిని నేను మళ్లీ మొదటికి తీసుకొచ్చాను. మా పిన్ని ఇంట్లోనే చీరలకు ఫాల్స్, పికో కుడుతుంది. ఆ రేట్ల పట్టికతో ఒక పేజీ చేయమన్నాను. పేరు, ఒక ఫొటో, రేట్ల టేబుల్, కింద వాట్సాప్‌కి వెళ్లే లింకు. అంతే. రియాక్ట్ లేదు, ఏమీ లేదు. నాలుగు రోజులు పట్టింది. టేబుల్ ఫోన్‌లో పక్కకి జరిగిపోతుంటే దాన్ని సరిచేయడానికే ఒక రోజు పోయింది. కానీ ఆ పేజీలో ప్రతి లైన్ ఎందుకుందో వాడు చెప్పగలడు. అలాంటి పేజీలు ఒక నాలుగు చేశాక మళ్లీ రియాక్ట్ తెరిచాడు. ఈసారి అర్థమైంది. ఒకే డిజైన్ ముక్కని నాలుగు పేజీల్లో కాపీ, పేస్ట్ చేసి, ఒక రేటు మారితే నాలుగు చోట్లా మార్చుకుని విసిగిపోయి ఉన్నాడు. రియాక్ట్ తీర్చే ఇబ్బందుల్లో అదొకటి. ఇబ్బంది ముందు, టూల్ తర్వాత.

"ఉద్యోగాల ప్రకటనల్లో అందరూ రియాక్టే అడుగుతున్నారు కదా, బేసిక్స్ మీద కూర్చుంటే ఆలస్యం కాదా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన అనుమానమే. ఫేస్‌బుక్ 2013లో బయటికి వదిలిన రియాక్ట్ ఇవాళ మార్కెట్‌లో బలంగా ఉంది, నేర్చుకోవాల్సిందే. అంతకుముందు కొన్నేళ్లపాటు ఇదే మాట 2006లో వచ్చిన జేక్వెరీ గురించి అనేవాళ్లు. జావాస్క్రిప్ట్ తెలిసినవాళ్లు జేక్వెరీ నుంచి రియాక్ట్‌కి కొద్ది వారాల్లో మారిపోయారు. జేక్వెరీ మాత్రమే తెలిసినవాళ్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. మూడు నెలల ఆలస్యం అనుకున్నది నిజానికి ఇన్సూరెన్స్. అన్నట్టు, జావా వేరు, జావాస్క్రిప్ట్ వేరు. బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో తొలి రూపం తయారు చేసిన ఈ భాషకి మార్కెటింగ్ కోసం ఆ పేరు పెట్టారు. "జావా వచ్చు కదా, ఇది కూడా వచ్చేసినట్టే" అని ఎవరైనా అంటే నమ్మకండి.

నేర్చుకోడానికి ఎక్కడ? ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఓడిన్ ప్రాజెక్ట్ పూర్తిగా ఉచితం. ఏ ట్యాగ్ గురించి అనుమానం వచ్చినా మొజిల్లా వాళ్ల ఎండీఎన్ చూడండి. ఎండీఎన్ తెలుగులో లేదు. కాన్సెప్ట్ తెలుగు వీడియోలో వినండి, అదే విషయం ఎండీఎన్‌లో ఒక పేజీ చదవండి. ఈ రెండూ కలిపి చేస్తే సబ్జెక్టూ వస్తుంది, ఇంగ్లిష్‌లో డాక్యుమెంటేషన్ చదివే అలవాటూ వస్తుంది.

ఏఐ ఉండగా ఇదంతా ఎందుకు?

ఇది ఇప్పుడు అందరి నోటా వినిపించే ప్రశ్న. గిట్‌హబ్ కోపైలట్‌కి ఫ్రీ ప్లాన్ ఉంది. వీఎస్ కోడ్ తెరవగానే దాన్ని వాడమని అదే అడుగుతుంది. కర్సర్ లాంటి ఎడిటర్లు మొత్తం ఏఐ చుట్టూనే కట్టారు. "మా అమ్మ టైలరింగ్ షాప్‌కి వెబ్‌సైట్ కావాలి" అని టైప్ చేస్తే నిమిషంలో పేజీ వచ్చేస్తుంది, అదీ చూడముచ్చటగా.

నేను ఏఐ వాడను అని బడాయిలు పోను. రోజూ వాడతాను. కానీ నేర్చుకునేవాళ్లు మొదటి మూడు నెలలు టైప్ చేస్తుంటే దానంతట అదే కోడ్ పూర్తి చేసే ఫీచర్‌ని ఆపేయాలని నా గట్టి అభిప్రాయం. వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు. ఎందుకంటే నేర్చుకోవడం జరిగేది ఆ తడుముకునే క్షణంలోనే. "ఇక్కడ ఏం రాయాలి?" అని బుర్ర వెతుక్కుంటున్నప్పుడు బూడిద రంగులో జవాబు ప్రత్యక్షమైతే, వెతకడం ఆగిపోతుంది. పక్కన కూర్చున్నవాడు ప్రతి లెక్కకీ జవాబు చెప్పేస్తుంటే ఎక్కాలు ఎప్పటికీ నోటికి రావు.

చాట్‌లో అడగడం వేరు. "ఈ ఎర్రర్‌కి అర్థం ఏంటి, తెలుగులో చెప్పు, కోడ్ మాత్రం రాసివ్వకు" అని అడిగి చూడండి. ఊళ్లో ట్యూషన్ మాస్టారు దొరకని పిల్లలకి ఇది నిజంగా వరమే. అయితే అది ధీమాగా తప్పు కూడా చెప్తుంది. ఆ తప్పు పట్టుకోవాలంటే మీకు బేసిక్స్ వచ్చి ఉండాలి. ఇల్లు కట్టే మేస్త్రీని ఎంత మంచివాడిని పెట్టుకున్నా, గోడ నిలువుగా ఉందో లేదో చూసే కన్ను యజమానికి ఉండాలి కదా.

తెలుగులో పేజీ చేసి చూడండి, అసలు సంగతి తెలుస్తుంది

ఆ కన్ను అంటే ఏంటో ఒక ఉదాహరణతో చెప్తాను. మన భాషలోదే. మీ మొదటి ప్రాజెక్ట్ తెలుగులో చేయమని నేను అందుకే అంటుంటాను.

తెలుగు అక్షరాలు బొమ్మలు గీతల్లా, పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయా? పేజీ పైభాగంలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పే మెటా ట్యాగ్ మరిచిపోయి ఉంటారు. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌లో భాష కోడ్ 'టీఈ' అని పెట్టండి. కంటిచూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి ఇది తెలుగు అని తెలిసేది దానివల్లే. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఫ్రీగా ఉన్నాయి. లైన్ హైట్ ఇంగ్లిష్‌కి పెట్టినంతే పెడితే పై లైను ఒత్తులు, కింది లైను గుడులు గుద్దుకుంటాయి. కొంచెం పెంచాలి.

ఇప్పుడు అసలైనది. ఒక ఫారం చేసి, పేరు రాసే బాక్సుకి గరిష్ఠంగా 10 అక్షరాలు అని హద్దు పెట్టండి. అందులో 'వెంకటేశ్వర్లు' అని టైప్ చేయండి. మన లెక్కలో అది ఐదు అక్షరాలే: వెం, క, టే, శ్వ, ర్లు. కానీ బాక్సు 'వెంకటేశ్వర' దగ్గరే ఆగిపోతుంది! ఎందుకంటే యూనికోడ్‌లో గుణింతం గుర్తు, సున్న, పొల్లు, ఒత్తుగా మారే హల్లు అన్నీ విడివిడి కోడ్‌లు. కన్సోల్‌లో ఆ పేరు పొడవు ఎంతని జావాస్క్రిప్ట్‌ని అడిగితే 13 అంటుంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి 6 అంటుంది.

ఏ ఆన్‌లైన్ ఫారంలోనైనా మీ నాన్నగారి పేరు తెలుగులో సగంలో తెగిపోతే, దాని వెనక ఇలాంటి హద్దే ఉండొచ్చు. ఆ ఫారం చేసిన మనిషికి గానీ, సాయం చేసిన ఏఐకి గానీ కోడ్‌లో తప్పేమీ కనిపించి ఉండదు. తెలుగు పేరుతో ఒక్కసారి టెస్ట్ చేస్తేనే బయటపడే తప్పు అది. టెస్ట్ చేయాలని తోచేది తెలుగు తెలిసినవాళ్లకి. ఎందుకు తెగిందో అర్థమయ్యేది బేసిక్స్ తెలిసినవాళ్లకి. ఈ రెండూ ఉన్న డెవలపర్ కావాలి మనకి. ఇంగ్లిష్ సరిగా రాదని బెంగపడే పిల్లలకి నేను చెప్పేది ఇదే: మీ తెలుగు కూడా ఈ పనిలో ఒక పనిముట్టే.

నలుగురికీ చూపించేదాకా పూర్తయినట్టు కాదు

పేజీ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు. గిట్‌హబ్ పేజెస్‌లో పబ్లిక్ ప్రాజెక్ట్‌గా పెడితే హోస్టింగ్ ఉచితం. డొమైన్ కొనాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: పబ్లిక్ అంటే నిజంగానే పబ్లిక్. పాస్‌వర్డ్‌లు, ఆధార్ కాపీలు, ఇంటివాళ్ల సొంత ఫోన్ నంబర్లు అందులో పడకుండా చూసుకోండి.

గిట్ ఎప్పుడు నేర్చుకోవాలి అంటే, దానికీ అదే రూల్. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కోడ్‌ని సంబాళించడానికి దాన్ని రాశారు. మీ ఫోల్డర్‌లో 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అని ఫైళ్లు కనిపించిన రోజున మీకూ గిట్ అవసరమొచ్చినట్టే. యాడ్, కమిట్, పుష్ అనే మూడు కమాండ్లతో మొదలుపెట్టండి.

తర్వాత ఫోన్ తీయండి. మన ఊళ్లలో మీ పేజీ చూసేవాళ్లలో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు, అదీ మామూలు ఫోన్‌లో, అంతంతమాత్రం సిగ్నల్‌లో. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లి స్పీడ్‌ని 3జీకి తగ్గించి మీ పేజీ తెరిచి చూడండి. 5 ఎంబీ ఫొటో పెట్టి ఉంటే ఆ క్షణమే సిగ్గేస్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరవడం మన రీడర్లకి కొత్తేమీ కాదు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెడితే, ఫోన్‌లో నడుస్తున్న పేజీని ల్యాప్‌టాప్‌లోని క్రోమ్ నుంచి ఇన్‌స్పెక్ట్ చేయొచ్చు. పని అయ్యాక ఆపేయండి. కొన్ని బ్యాంక్ యాప్‌లు అది ఆన్‌లో ఉంటే మొరాయిస్తాయి.

మరి డబ్బులు ఎప్పుడు ఖర్చు పెట్టాలి?

పెట్టాల్సిన రోజు వస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నడపాల్సి వచ్చినా, డాకర్‌లో డేటాబేస్, సర్వర్ అన్నీ ఒకేసారి నడపాల్సి వచ్చినా పాత మెషీన్ చేతులెత్తేస్తుంది. అప్పుడు 16 జీబీ ర్యామ్ తీసుకోండి, వీలైతే తర్వాత ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉన్న మోడల్ చూడండి. మంచి కీబోర్డ్, కళ్లకు హాయిగా ఉండే స్క్రీన్ చూసుకోండి. ప్రాసెసర్ పేరు వెనక మరీ పరుగులు పెట్టక్కర్లేదు. ఆ రోజు మీరు అడిగే ప్రశ్న కూడా మారిపోతుంది. "కోడింగ్‌కి ఏది మంచిది?" అని అడగరు. "నేను ఫలానా పని చేస్తున్నా, ఇక్కడ ర్యామ్ చాలట్లేదు" అంటారు. అలా అడిగినవాళ్లకి నేను ఐదు నిమిషాల్లో మోడల్ చెప్పగలను.

కోర్సుకి కూడా ఇదే కొలత. మూడు నెలలు సొంతంగా చేసి, ఎక్కడ ఆగిపోతున్నారో మీకే తెలిశాక చేరితే, కట్టిన ఫీజుకి న్యాయం జరుగుతుంది. కేవలం భయంతో చేరితే ఆ భయానికే ఫీజు కట్టినట్టు.

పిల్లలకి ల్యాప్‌టాప్ కొనబోతున్న నాన్నలకి ఒక చిన్న మాట. వద్దని చెప్పకండి, షరతు పెట్టండి. "నీ చేత్తో చేసిన పేజీ లింకు నా వాట్సాప్‌కి పంపు, అప్పుడు షాప్‌కి వెళ్దాం" అనండి. ఆ లింకు తెరిచి చూడండి. అక్షరాలు తప్పులున్నా, రంగులు కాస్త గాడీగా ఉన్నా పర్లేదు, మెచ్చుకోండి. ఆ తర్వాత మన ల్యాప్‌టాప్ రివ్యూలు ఎలాగూ ఉన్నాయి.